ఈసారి ప్లాన్ మీ పిల్లల్నే వేయనివ్వండి



పోయినసారి పేరెంట్-టీచర్ మీటింగులో తొమ్మిదో తరగతి బాబు నాన్నగారు ఒకరు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ, "మేడమ్, ఈ సెలవుల్లో మావాడికి ఏం చేయించమంటారు? స్పోకెన్ ఇంగ్లీషా, కోడింగా?" అని అడిగారు. "ఒక ఆదివారం కొండెక్కించండి సార్. కాకపోతే ఆ రోజు ప్లానంతా బాబే వేయాలి, మీరు వేయకూడదు" అన్నాను. నేను జోక్ చేస్తున్నాననుకుని ఆయన నవ్వేశారు. వెనక క్యూలో ఇంకా పదిమంది ఉన్నారు కాబట్టి వివరంగా చెప్పలేకపోయాను. ఈ నెల ఈ పేజీ నాకు ఇచ్చారు కనుక ఆ జవాబు ఇప్పుడు పూర్తిగా చెబుతాను.

నేను ఇంగ్లీషు టీచర్ని. ట్రెక్కింగ్‌లో శిక్షణ పొందినదాన్ని కాను. అందుకే ముందుగా నా తప్పు చెప్పి, ఆ తర్వాతే సలహాలోకి వస్తాను.

పెద్దవాళ్లం వేసిన ప్లాన్

మాది హిందూపురం. గౌరీబిదనూరు మీదుగా చిక్కబళ్లాపురం, అక్కణ్ణుంచి నంది గ్రామం. పొద్దున్నే కారులో బయల్దేరితే రెండు గంటల్లోపే నంది హిల్స్ కిందికి చేరిపోతాం. మీలో చాలామంది సూర్యోదయం చూడటానికి కారులోనే కొండపైకి వెళ్లివచ్చి ఉంటారు. అయితే కింద సుల్తాన్‌పేట నుంచి పాత మెట్లదారి కూడా ఒకటి ఉంది. వెయ్యికి పైగా రాతి మెట్లు. కొండ ఎత్తు సముద్ర మట్టం నుంచి 1,478 మీటర్లు. చుట్టూ ఉన్న మైదానమే 900 మీటర్ల పైన ఉంది కాబట్టి కాళ్లతో ఎక్కాల్సింది 500 మీటర్ల పైచిలుకు. అంకెగా చూస్తే చిన్నదే. ఎండలో ఎక్కితే చిన్నది కాదు.

మార్చి చివర్లో, పరీక్షలైపోయిన వారం, నేను, అక్క, బావ, వాళ్లబ్బాయి బయల్దేరాం. వాడప్పుడు ఎనిమిదో తరగతి. ప్లాన్ మా పెద్దవాళ్లదే. నిజం చెప్పాలంటే ప్లాన్ లేదు. "పైన హోటళ్లున్నాయి కదా" అన్నారు బావ. "మెట్లే కదా" అన్నాను నేను. నలుగురికి రెండు లీటరు బాటిళ్లు, ఒక చిత్రాన్నం డబ్బా, చిప్స్ ప్యాకెట్లు. అక్క కాళ్లకు మామూలు చెప్పులు. మెట్ల దగ్గరికి చేరేసరికి పది దాటింది. 1791లో ఇదే కోటను పట్టుకోవడానికి కార్న్‌వాలిస్ పంపిన కంపెనీ సైన్యానికి వారాలు పట్టిందని చదువుకున్నదాన్ని నేను. గంటలో ఎక్కేస్తాం అనుకున్నాను.

మావాడు మెట్లు లెక్కపెడుతూ ముందు నడిచాడు. ఆరువందల దగ్గర లెక్క ఆపేశాడు. ఎండ పైనుంచే కాదు, కాలిన బండల నుంచి కూడా కొడుతోంది. "ఇంకెంత దూరమే?" అని అక్క అడిగింది. "ఇంకొంచెమే అక్కా" అన్నాను. కాసేపాగి మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు కూడా అదే. ఎంత దూరం ఉందో నాకు తెలియదు. నేనెప్పుడూ ఆ దారి ఎక్కలేదు.

నాలుగోసారి అక్క అడగలేదు. మొహం పాలిపోయి, ఒక బండ నీడలో కూలబడింది. కళ్లు తిరుగుతున్నాయంది. నీళ్లు అప్పటికే అయిపోయాయి. పైకి వెళ్లలేం, కిందికి దిగలేం. పైనుంచి దిగుతున్న కాలేజీ పిల్లలు కొందరు ఆగి, తమ బాటిల్ ఇచ్చారు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి తాగించారు. ముప్పావుగంట అక్కడే కూర్చున్నాం. తర్వాత చెరో చెయ్యి పట్టుకుని దించాం. దిగడానికి ఎక్కినదానికంటే ఎక్కువ సేపు పట్టింది.

ఇంటికి వస్తుంటే కారులో వెనక సీటు నుంచి మావాడు అడిగాడు: "చిన్నమ్మా, ఇంకొంచెమే అన్నావు కదా, నీకెలా తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న చాలా రోజులు నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ మాట నేను కొండ మీద మాత్రమే అనేది కాదు. క్లాసులో రోజూ అంటాను. ఇంకొక్క పేజీ. ఇంకొక్క టెస్ట్. ఇంకొక్క నెల ఓపిక పట్టండి. ఎంత దూరం ఉందో, నడిచేవాళ్లలో ఎంత శక్తి మిగిలిందో చూడకుండా అనే మాట అది. మీరూ ఇంట్లో అనే ఉంటారు.

ప్లాన్ అంతా మనదే, నడక మాత్రం వాళ్లది

ఒకసారి మన పిల్లల రోజు చూడండి. లేచే టైము మనం చెబుతాం. వ్యాను టైము స్కూలు చెబుతుంది. పీరియడ్లు, స్టడీ అవర్, ట్యూషన్, హోంవర్క్ అన్నీ ఎవరో ఒకరు గీసిన గళ్లలో ఉంటాయి. ఇందులో తప్పు తల్లిదండ్రులదే అనడం లేదు. టైంటేబుల్ గీసేవాళ్లలో నేనూ ఉన్నాను. బెల్లుకీ బెల్లుకీ మధ్య పిల్లలు సొంతంగా నిర్ణయించుకునేది దాదాపు ఏమీ ఉండదు.

దాని ఫలితం క్లాసులో కనిపిస్తుంది. కాలం-దూరం-వేగం లెక్కల్లో పదికి పది తెచ్చుకునే పిల్లలున్నారు. వాళ్లనే ఒకరోజు సరదాగా అడిగాను: "మీరు రోజంతా కొండ మీద నడవాలి. ఎన్ని నీళ్లు కావాలి?" క్లాసంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంది. చివరి బెంచీ నుంచి జవాబొచ్చింది: "మమ్మీ పెడుతుంది మేడమ్." అందరం నవ్వాం. నవ్వు ఆగాక నాకు దిగులేసింది. ఇంకో మూడేళ్లలో వీళ్లు హాస్టళ్లలో ఉంటారు. అక్కడ మమ్మీ ఉండదు.

అందుకే నేను చెప్పేది పిక్నిక్ గురించి కాదు. పిక్నిక్‌కి మనం తీసుకెళ్తాం, పిల్లలు వస్తారు. నేను చెప్పేది తప్పు లెక్క వేస్తే కాళ్లు నొప్పిపుట్టే, దాహం వేసే ఒక రోజు గురించి. కష్టంగా ఉండాలి, ప్రమాదంగా ఉండకూడదు. ఆ తేడా ఎక్కడుందో కాగితం మీద రాసే పని పిల్లలకు ఇవ్వాలి.

రూళ్ల కాగితం మీద ఒక కొండ

ఆ డిసెంబరులో మావాడు మళ్లీ నంది హిల్స్ మాట ఎత్తాడు. అక్క ససేమిరా అంది. "ప్లాన్ నేను వేస్తాను మమ్మీ. చూసి నచ్చితేనే రా" అన్నాడు. నేను ఒకటే నియమం పెట్టుకున్నాను: వాడికి జవాబులు చెప్పకూడదు, ప్రశ్నలు మాత్రమే అడగాలి. రెండు వారాలు పట్టింది. చివరికి ఒక రూళ్ల కాగితం, రెండు వైపులా నిండిపోయింది. అందులో ఏముందో చెబుతాను, మీ పిల్లలకూ పనికొస్తుంది.

మొదటిది మ్యాపు. సోషల్ పుస్తకంలో కాంటూరు రేఖలు ఉంటాయి కదా, ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్లలో సాధారణంగా ప్రతి 20 మీటర్ల ఎత్తుకు ఒక గీత ఉంటుంది. అంటే 500 మీటర్ల ఎక్కుడుకు 25 గీతలు దాటాలి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగానే చూసిన ఆ గీతలను మావాడు మొదటిసారి వేలితో లెక్కపెట్టాడు. "ఇక్కడ గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి చిన్నమ్మా, అంటే ఇక్కడ గోడలా ఉంటుంది" అన్నాడు. నంది హిల్స్‌లో టిప్పు డ్రాప్ అని పిలిచే నిట్టనిలువు బండ వైపు అది.

రెండోది టైము. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక తేలిక సూత్రం చెప్పాడు. మన కొలతల్లోకి మార్చుకుంటే: నడకకు గంటకు 5 కిలోమీటర్లు లెక్క, దానిపైన ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు 10 నిమిషాలు అదనం. ఉదాహరణకు 8 కిలోమీటర్ల దారి, 500 మీటర్ల ఎక్కుడు ఉందనుకోండి. నడకకు 96 నిమిషాలు, ఎక్కుడుకు 50. మొత్తం 146 నిమిషాలు. కానీ ఆ సూత్రం ఆగకుండా నడిచే గట్టివాళ్లకు. మావాడు తన దారికి వచ్చిన లెక్కను ఒకటిన్నర రెట్లు చేశాడు. పక్కన కారణం కూడా రాశాడు: "అమ్మ మోకాళ్లు, నాన్న ఫోటోలు."

మూడోది నీళ్లు, బరువు. మామూలు నడకకు గంటకు సుమారు అర లీటరు అనే లెక్క వాడతారు. ఆరు గంటలకు మనిషికి మూడు లీటర్లు. నలుగురికి పన్నెండు లీటర్లు, అంటే పన్నెండు కిలోలు. పోయినసారి మేం తీసుకెళ్లింది రెండు. ఆ రెండంకెలూ పక్కపక్కన రాసి మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎవరి నీళ్లు వాళ్లే మోయాలని నిర్ణయించాడు. కేంద్ర విద్యాశాఖ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం పిల్లల సంచి బరువు శరీర బరువులో పదో వంతు మించకూడదు. వాడు 46 కిలోలు, కాబట్టి 4.6 కిలోలు. మూడు కిలోలు నీళ్లు పోను మిగిలినదాంట్లో తిండి, టోపీ, ఓఆర్ఎస్, టార్చ్, ఒక జత సాక్సులు సర్దాడు. చిప్స్ ప్యాకెట్లు వాడంతట వాడే తీసేశాడు. నంది హిల్స్ మీద కోతులెక్కువ, కవరు చప్పుడు వింటే వదలవు.

నాలుగోది వాతావరణం. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. 500 మీటర్లకు మూడు డిగ్రీల పైన. డిసెంబరు పొద్దున మంచు కూడా ఉంటుంది. తడిసిన బండ మీద చెప్పులు నిలవవు కాబట్టి అందరికీ పట్టున్న బూట్లు తప్పనిసరి.

ఐదోది, కాగితం చివర ఎర్ర పెన్నుతో రాసి రెండుసార్లు గీత గీసింది: "11:30కి ఎక్కడున్నా సరే వెనక్కి."

అక్క కాగితం మొత్తం చదివింది. ఆ ఎర్ర గీత దగ్గర ఆగింది. "ఇది నిజంగా పాటిస్తావా?" అని అడిగింది. పాటిస్తానన్నాడు. అప్పుడే ఒప్పుకుంది.

ద్రాక్ష పందిరి కింద నలభై నిమిషాలు

ఏడున్నరకు నంది గ్రామంలో భోగనందీశ్వరాలయం దగ్గర నడక మొదలుపెట్టాం. తొమ్మిదో శతాబ్దంలో మొదలైన గుడి. లోపలి రాతి స్తంభాలు చూస్తూ అనుకున్నదానికంటే పది నిమిషాలు ఎక్కువే గడిపాం. అక్కణ్ణుంచి ఊళ్ల మధ్య దారి. ఒక పక్క మంచులో సగం మునిగిన కొండ, ఇంకో పక్క ద్రాక్షతోటలు. ఈ ప్రాంతపు బెంగళూరు బ్లూ ద్రాక్షకు 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ముదురు నీలం రంగు, గింజలున్న కాయ, ఘాటైన వాసన. చిన్నప్పుడు మనందరం సంతలో కొనుక్కు తిన్నదే.

తోట గట్టున ఒక పెద్దాయన డ్రిప్ పైపులు సరిచేస్తున్నారు. మావాడు ముందు అడిగాడు, లోపలికి రావచ్చా అని. ఇది కూడా కాగితంలో ఉంది: "తోటలోకి అడగకుండా వెళ్లొద్దు, కాయ కోయొద్దు." ఆయన తెలుగులోనే రమ్మన్నారు. ఆ పక్కన తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తీగను ఎప్పుడు కత్తిరిస్తారో, కత్తిరింపును బట్టి ఏడాదికి రెండు పంటలు ఎలా వస్తాయో చెప్పారు. మందు కొట్టిన తోటలో కాయ కడగకుండా నోట్లో వేసుకోవద్దన్నారు. మావాడు పందిరిని మోస్తున్న రాతి కూసాలు చూసి, "ఇవెక్కణ్ణుంచి తెస్తారు తాతా?" అని అడిగాడు. ఆయన చేత్తో చుట్టూ ఉన్న గుట్టలు చూపించారు. మేం ఎక్కబోయే కొండలాంటి గుట్టల రాయే చీల్చి కూసాలు చేస్తారు, వాటి మీద తీగ పాకుతుంది. ఈ ప్రాంతపు గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని సైన్సు చెబుతుంది. అది మావాడికి తెలుసు. ఆ రాయి ద్రాక్ష పందిరిని మోస్తుందని మాత్రం తెలియదు.

పెన్నా నది పుట్టేది కూడా ఈ నంది కొండల వరుసలోనే, చెన్నకేశవ కొండ దగ్గర. మా హిందూపురం పక్క నుంచి వెళ్లి, గండికోట దగ్గర బండలను కోసుకుంటూ, నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. మా ఊరి దగ్గర మాకు కనిపించేది ఎక్కువ కాలం ఇసుకే. మెట్లెక్కుతూ ఒక మలుపు దగ్గర ఆ మాట చెబితే, మావాడు ఆగి ఆ వైపు చూశాడు. మంచు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా కాసేపు చూశాడు.

ద్రాక్షతోటకు ప్లాన్‌లో పది నిమిషాలే ఉంది. నలభై గడిచాయి. గుడి దగ్గర పది పోయాయి. మెట్లు తడిగా ఉండటంతో నెమ్మదిగా ఎక్కాం. పైన కోట గోడ మంచులోంచి అప్పుడే కనిపించడం మొదలైంది. అప్పుడు మావాడు వాచీ చూసి, ఒక మెట్టు మీద కూర్చుని, సంచి దించాడు. పదకొండున్నర.

"అదిగో గోడ కనిపిస్తోంది కదరా, ఇంకొంచెమే" అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"పోయినసారి కూడా అదే అన్నావు చిన్నమ్మా" అన్నాడు.

బావ నా వైపు చూశారు. అక్క ఏమీ అనలేదు, నవ్వింది. ఎవరికీ ఒంట్లో బాగాలేక కాదు. నీళ్లు ఉన్నాయి, ఓపికా ఉంది. ఇంకో అరగంటలో పైకి చేరేవాళ్లమేమో. కానీ వాడు వాళ్లమ్మకు మాటిచ్చాడు, నేను ఇవ్వలేదు. అక్కడే కూర్చుని చిత్రాన్నం తిని, దిగడం మొదలుపెట్టాం. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఎక్కువ. అక్క రెండుచోట్ల ఆగింది. ఈసారి తొందర లేదు కాబట్టి ఆగగలిగింది.

సాయంత్రం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మొదటి ప్రశ్న: "పైదాకా ఎక్కారా?" లేదంటే, "అయ్యో, అంత దూరం వెళ్లి!" అని వచ్చింది. మావాడి మొహం ఒక్క నిమిషం చిన్నబోయింది. అప్పుడు అక్క గ్రూపులో కాగితం ఫోటో పెట్టి, కింద ఇలా రాసింది: "మావాడి ప్లాన్. నన్ను జాగ్రత్తగా ఇంటికి తెచ్చాడు."

మీరు అడగబోయే ప్రశ్నలు

"మేడమ్, ఇది సగంలో వదిలేయడం నేర్పినట్టు కాదా?" ఇది నేనూ ఆలోచించాను. అలిసిపోయి, విసుగొచ్చి వదిలేయడం వేరు. చల్లగా కూర్చుని ఆలోచించినప్పుడు గీసుకున్న గీతను, వేడి మీద ఉన్నప్పుడు కూడా గౌరవించడం వేరు. మొదటిసారి మేం గీత గీసుకోలేదు కాబట్టి అక్క పడిపోయాకే ఆగాం. రెండోసారి నిలబడి ఉండగానే ఆగాం. చదువులో కూడా పిల్లలు పడిపోయాకే ఆగుతున్నారు. రాత్రి రెండింటి వరకు చదివి, పొద్దున పరీక్షలో కళ్లు మూతపడుతున్న పిల్లల్ని నేను చూశాను. ఎక్కడ ఆగాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. మేమూ నేర్పలేదు.

"ఒక ఆదివారం పోతే చదువు దెబ్బతినదా?" నేను అడిగేది ఏడాదికి ఒకటో రెండో ఆదివారాలు. ఆ రెండు వారాల్లో మావాడు స్కేలు, కాంటూర్లు, నిష్పత్తులు, సగటు, ఉష్ణోగ్రత అన్నీ వాడాడు. అందువల్ల మార్కులు పెరుగుతాయని మాత్రం నేను హామీ ఇవ్వను. మార్కుల కోసం చెప్పడం లేదు.

"పిల్లల చేతిలో పెడితే ప్రమాదం కాదా?" అన్నీ పెట్టమనడం లేదు. కొన్ని పెద్దవాళ్లే నిర్ణయించాలి. అంచుల దగ్గరికి వెళ్లకూడదన్నది మీ మాట. ఉరుములు వినిపిస్తే బండల మీద ఉండకూడదన్నది మీ మాట. కొండతేనెటీగల పట్టు కనిపిస్తే రాయి వేయకూడదు, పొగ పెట్టకూడదు, ఇందులో చర్చే లేదు. బీపీ, ఆస్తమా, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ముందుగా వెనక్కి తిరుగుదామని ఎవరన్నా, చిన్నవాళ్లయినా పెద్దవాళ్లయినా, ఆ మాటే చెల్లాలి. ఇక మొదటి కొండ తప్పించుకునే దారి ఉన్నదే అయి ఉండాలి. నంది హిల్స్ పైకి రోడ్డుంది, పైన నీళ్లు దొరుకుతాయి. దగ్గర్లోని స్కందగిరి అలా కాదు, దారిలో దుకాణాలుండవు, ముందే అనుమతి తీసుకోవాలి. అది రెండో ఏడాదికి ఉంచుకోండి.

మీ పిల్లలకు ఇవ్వాల్సిన కాగితం

అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఒక ఆదివారం ఎంచుకోండి. రెండు వారాల ముందు ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు రాయమనండి.

1. ఎంత దూరం, ఎంత ఎత్తు? ఎక్కడికక్కడ ఎంత టైము?
2. మనలో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరు? లెక్క వాళ్ల నడకతో వేశావా?
3. ఎన్ని నీళ్లు, ఏం తిండి, ఎవరు ఎంత బరువు మోస్తారు?
4. దారి, గేటు టైములు, టికెట్లు, అనుమతులు ముందు రోజు ఎవరిని అడిగి కనుక్కుంటావు? ఇవి మారుతుంటాయి. మెట్లదారిని మూసేసే రోజులూ ఉంటాయి.
5. దారిలో ఎవరి పొలం, ఎవరి తోట, ఎవరి గుడి ఉంది? అక్కడ ఎలా నడుచుకోవాలి? మన చెత్త ఎలా వెనక్కి తెస్తాం?
6. ఎన్నింటికి వెనక్కి తిరుగుతాం?

కాగితంలో తప్పులుంటాయి. చిన్న తప్పులైతే సరిదిద్దకండి. బిస్కెట్లు తక్కువైతే తక్కువే తింటారు. నీళ్లు తక్కువ రాస్తే మాత్రం సరిదిద్దకుండా ఒక ప్రశ్న అడగండి: "ఆరు గంటలకు ఇది సరిపోతుందా?" మళ్లీ లెక్క వేస్తారు. మళ్లీ తక్కువే వస్తే ఒక బాటిల్ ఎక్కువ మీ సంచిలో పెట్టుకోండి, చెప్పకండి.

నంది హిల్స్‌కే వెళ్లాలని లేదు. మన బ్రాంచీలు ఉన్న ఊళ్లన్నిటికీ దగ్గర్లో ఏదో ఒక బండకొండ ఉంది. హైదరాబాదు వాళ్లకు ఒకే బండలా నిలిచిన భువనగిరి కోట ఉంది. మా వైపు వాళ్లకు పెనుకొండ, గుంటూరు వైపు వాళ్లకు కొండవీడు. ద్రాక్షతోట లేకపోతే వేరుశనగ చేనో, మిరప చేనో ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడటానికి ప్లాన్‌లో పది నిమిషాలు కాకుండా నలభై పెట్టమనండి. మావాడు ఈసారి అలాగే మార్చాడు.

అవును, మేం మళ్లీ వెళ్లబోతున్నాం. కొత్త కాగితం సిద్ధమైంది. ఈసారి అరగంట ముందు బయల్దేరాలట. 11:30 మాత్రం మార్చలేదు.

మీరు వెళ్లివచ్చాక ఆ కాగితాన్ని మీ బాబుతోనో పాపతోనో స్కూలుకు పంపండి. మట్టి అంటినా, చెమటకు సిరా చెదిరినా పరవాలేదు. క్లాసు బోర్డు మీద పెడతాను. పైదాకా ఎక్కారా అని నేను అడగను. ఎన్నింటికి వెనక్కి తిరగాలని రాసుకున్నారు, తిరిగారా అని అడుగుతాను.

మీ పిల్లల
ఇంగ్లీషు టీచర్